మాఘంలో కొండ కాల్చిన మా వదిన

మా వదిన పోయిన కబురు నాకు బస్సు కండక్టరు చెప్పినాడు. పుష్యమాసం నడుమ, కోయిలకుంట్లలో మా కూతురింటి అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుచుకుంటున్నాను. మైదుకూరు దిక్కు నుంచి వచ్చే బస్సు ఆ ఇంటి ముందర ఎన్నడూ ఆగదు. ఆ పొద్దు ఆగింది. కండక్టరు మెట్టు మీద నుంచే, "పెద్దాయనా, మీ వదిన రాత్రి పోయిందంట. మీ ఊరోళ్లు చెప్పమన్నారు. ఈ బండే తిరిగి పోతాది, కాచుకోని ఉండు" అన్నాడు. కాచుకున్నాను, ఎక్కినాను. మైదుకూరులో దిగినాక చూసుకుంటే ఒలిచిన గింజలు పిడికిట్లోనే ఉన్నాయి. దారి పొడవునా తినలేదు, పారెయ్యనూ లేదు.

నేను ఊరు చేరేసరికి మట్టి చేసి వచ్చి, అందరూ తలలారబెట్టుకుంటూ కూర్చున్నారు. మా వదిన కోడలు నాకు మజ్జిగ చెంబు అందిస్తూ చెప్పింది.

"చిన్నమామా, అత్త రెండు దినాలు జరంతో మాట్లాడనే లేదు. మూడో దినం కండ్లు తెరిచి, 'అర్జీ రాసినాడా ఆయప్ప?' అనింది. ఇంగా లేదంటిమి. 'యాడికి పోయినాడు?' అనింది. కోయిలకుంట్లకంటిమి. 'చెనిక్కాయలు తింటాంటాడు' అనింది. ఇంగ మాట్లాడలే."

మజ్జిగ చెంబు కింద పెట్టినాను. నలభై ఏండ్లకు పైగా నన్ను చూసిన మనిషి, చూడకుండానే చెప్పిన మాట అది. పైగా నిజం.

ఆ అర్జీ ఏమిటో చెబితే తప్ప ఆమె ఎవరో మీకు తెలియదు. ఈ ఏడు మాకు వానలు బాగా పడినాయి. మా ఊరి పడమటి కొండ మీద బోదగడ్డి రొమ్మెత్తు నిలిచింది. ఆ గడ్డిని మాఘంలో, మంచు తడి ఆరకముందే కొంచెం కొంచెంగా కాల్చాలి. కాల్చకపోతే వైశాఖంలో అదే కాలుతుంది, ఒకేసారి, కొండంతా, గుడ్ల మీద కూర్చున్న పిట్టలతో సహా. మాఘంలో కాల్చడానికి అడవి ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి. ప్రతి ఏడూ పెట్టించింది మా వదిన. రాసేది నేను. ఈ ఏడు రాయకుండా కూతురింటికి పోయినాను. ఆమె పోయింది. మాఘానికి పదకొండు దినాలుంది.

* * *

ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చేనాటికి నాకు మీసం సరిగ్గా మొలవలేదు. వచ్చిన మూడోనాడు నీళ్లు చేదుతూ నా మొహంలోకి చూసి, "మర్దీ, అది మొలిచిందా, మసి అంటుకుందా?" అని అడిగింది. అప్పటి నుంచి మొన్నటిదాకా ఆమె నాతో పూర్తిగా మర్యాదగా మాట్లాడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవన్నీ నాకు జ్వరం వచ్చిన రోజులు. మా అన్న మెతక మనిషి, మాట తక్కువ. ఆయన మాట్లాడవలసిన మాటలు కూడా ఆమే మాట్లాడేది. ఆయన పోయినాక ఆ మాటలు వినే వాటా నాకు వచ్చింది.

నాకు చదువు చెప్పినవాళ్లు లేరు. కిరసనాయిలు డబ్బాల మీద, బస్సుల నుదుటి మీద, బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాల మీద ఉన్న అక్షరాలను ఒకదానికొకటి అంటగట్టుకుని నేర్చుకున్నాను. బెల్లం కాగితం చిరిగిన చోటే కథ కూడా చిరిగిపోయేది గనుక నాకు ఇప్పటికీ చాలా కథల చివర తెలియదు. ఊళ్లో రాయడం వచ్చినవాళ్లు ఇద్దరే. రెండో ఆయనకు కళ్లు సరిగ్గా కనపడవు. కాబట్టి అర్జీలన్నీ నావే. ఎద్దు పోయినా, బావి కూలినా, అల్లుడు పలక్కపోయినా నా దగ్గరికే వచ్చేవాళ్లు. దారి తప్పుతున్నాను. మా వదిన ఉంటే ఈపాటికి, "ఏమప్పా, కొండెక్కమంటే గుట్ట చుట్టూ తిరుగుతాండావు" అని ఉండేది.

ఆమెకు అక్షరం రాదు. కానీ ఒక గడ్డిపరకను చెవి దగ్గర పెట్టుకుని విరిచి, విరిగిన చప్పుడును బట్టి అందులో ఎంత తడి ఉందో చెప్పేది. మా ఊళ్లో ఇండ్లపై కప్పు బోదగడ్డే. పుష్యంలో ఆడవాళ్లు కొండెక్కి బోద కోసి మోపులు దించేవాళ్లు. కోసినాక మిగిలిన మోళ్లకు, ముదురు గడ్డికి మాఘంలో అగ్గి పెట్టేవాళ్లు. పచ్చిక మళ్లీ లేతగా రావడానికని అందరూ అనుకునేది. మా వదిన లెక్క వేరు.

కొండ వాలును ఆమె మనసులో మూడు తునకలు చేసుకుంది. ఒక ఏడు ఒక తునక కాల్చేది. మిగతా రెండూ ముట్టనిచ్చేది కాదు. ఎందుకని ఒకసారి అడిగినాను.

"తీతువుకు బయలు కావాల. అది బట్టనేల మీద గుడ్లు పెడతాది. పూరేటికి మోకాటెత్తు గడ్డి కావాల. కౌజుకు దాక్కునేకి గుబురు కావాల. ముగ్గురికీ కలిపి ఒకటే ఇల్లు కడితే ఎట్ల సరిపోతాది? మీ అన్నదమ్ములకే సరిపోలేదే!"

మేము వేరుపడి అప్పటికి రెండేండ్లయింది.

అగ్గి పెట్టే పొద్దు ఆమె కొండ మీద కూర్చోవడం నేను చూడలేదు. తెల్లారగానే జిల్లేడు కాయ చిదిపి దూది గాల్లోకి వదిలేది. అది ఎటు పోతే ఆ కొసనే అగ్గి పెట్టించేది. ఎదురుగాలికి పెట్టిన అగ్గి ముసలి గొర్రె మాదిరి నడుస్తుంది, అదిలిస్తే ఆగుతుంది. ఆడవాళ్లు పచ్చి తంగేడు మండలు పట్టుకుని వెంట నడిచేవాళ్లు. అగ్గి పెట్టకముందు వాళ్లు చేసే పని ఒకటుంది, మా ఊరి ఆడవాళ్లు తప్ప వేరెవరూ చేయగా నేను చూడలేదు. కాల్చబోయే తునకలో వరసగా నిలబడి, కట్టెలతో గడ్డిని తట్టుకుంటూ, "లేయండమ్మా, లేయండి! మూటా ముల్లె సర్దుకోండి! పక్కింటికి పోండి!" అని కేకలు వేస్తూ ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేవాళ్లు. కుందేళ్లు, కౌజులు, తొండలు, పాములు అన్నీ లేచి పక్క తునకలోకి పోయేవి. అప్పుడు అగ్గి. పొగ లేచేసరికి పసులపోలిగాళ్లు, పాలపిట్టలు, గద్దలు ఎక్కడినుంచో వచ్చి, ఎగిరే మిడతలను అందుకుంటూ పెండ్లి విందు చేసుకునేవి.

కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు చాకలికి, మంగలికి, కుమ్మరికి ఇంతింతని తీసిపెడతామే, ఆయగాళ్ల వాటా, అట్లాంటిదే ఇదీ అనేది ఆమె. "పిట్టగూడా ఆయగాడే మర్దీ. మిడతను తింటాది, పురుగును తింటాది. పని చేసినోని వాటా యాల ఎగ్గొట్టాల?"

* * *

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

కొండ మొదట్లో నాకొక కొట్టం ఉండేది. పొలం కాపలాకని కట్టినాను గానీ నిజానికి అది నా పుస్తకాల కొట్టం. మొత్తం ఎనిమిది పుస్తకాలు. మూడింటికి మొదలు లేదు, రెండింటికి చివర లేదు, ఒకదానికి అట్ట మాత్రమే ఉంది. ఒక ఏడు అగ్గి పెట్టడానికి మూడు దినాల ముందు మా వదిన వచ్చి, "కొట్టం చుట్టూ బారెడు మేర గడ్డి గీకు మర్దీ, మట్టి కనపడాల" అని చెప్పింది. సరే అన్నాను. చదువుకుంటూ కూర్చున్నాను. మర్నాడు మళ్లీ చెప్పింది. సరే అన్నాను. గీకలేదు. పైగా కోసిన బోద మోపులు రెండు తెచ్చి గోడకు ఆనించినాను, చదివేటప్పుడు వీపుకు మెత్తగా ఉంటుందని.

ఒక నిప్పురవ్వ చాలింది. ఆడవాళ్లు కుండలతో నీళ్లు తెచ్చేలోపు నా ఎనిమిది పుస్తకాలూ పోయినాయి. మా వదిన నా పక్కన నిలబడి, "మనిషివి మిగిల్నావు, పో" అనింది. ఆ మాట నాకు ఎగతాళిగా వినిపించింది. ఓదార్పని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ కోపంలో అర్జీ రాసినాను. కొండకు అగ్గి పెట్టడం అనాగరికమని, అడవి దేశసంపద అని, ఈ మూఢాచారాన్ని వెంటనే మాన్పించాలని రాసినాను. 'దేశసంపద' అనే మాట కాలిపోయిన పుస్తకాల్లో ఒకదాంట్లోది. అది వాడుకోగలిగినందుకు లోలోపల సంతోషపడినానని కూడా ఒప్పుకుంటాను. ఊళ్లో మగవాళ్ల చేత వేలిముద్రలు వేయించినాను. ఏముందో ఎవరూ అడగలేదు, నేను రాసినదని వేసినారు. అడవి ఆఫీసున్న ఊరి పేరు చెప్పను. అక్కడి అధికారి ఆ అర్జీ చదివి, ఇంత చైతన్యం ఉన్న పల్లెను తాను చూడలేదని నా చేయి పట్టుకుని ఊపినాడు. ఆ ఏటినుంచి కొండ మీద అగ్గిపుల్ల గీస్తే కేసు.

మా వదిన నాతో పోట్లాడలేదు. ఒకటే అడిగింది. "వైశాఖానికి గూడా రాసినావా అర్జీ? అగ్గి పెట్టొద్దని?"

అర్థం కాక నవ్వినాను.

మూడేండ్లు కొండ పచ్చగా, గుబురుగా, చూడ్డానికి ఏపుగా ఉండింది. నేను వచ్చినవాళ్లకల్లా చూపించేవాణ్ణి. ఏటేటా ఎండిన గడ్డి మీద ఎండిన గడ్డి పడి, కాలు పెడితే మోకాటిదాకా దిగబడేది. తీతువులు అప్పుడే వెళ్లిపోయినాయి, వాటికి బట్టనేల లేదు. నేను గమనించలేదు. నాలుగో ఏడు వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం, కొండ అవతల ఎక్కడో అంటుకుంది. ఎవరి బీడీయో, ఏ రాళ్ల రాపిడో. గాలి మా దిక్కుకు ఉంది. ఆ అగ్గి ముసలి గొర్రె మాదిరి నడవలేదు. మాను కొసలెక్కి, మాను మీదనుంచి మానుకు దూకింది. మూడు దినాలు కాలింది. తంగేడు మండలు పట్టుకుని పోయిన మా వదినను, ఆడవాళ్లను అడవి ఆఫీసు గార్డు సాయిబే చేతులు అడ్డంపెట్టి వెనక్కి తిప్పినాడు. "అమ్మా, వద్దు. ఇది కొట్టే మంట కాదు" అని ఏడ్చినాడాయన.

చల్లారినాక మర్నాడు తెల్లవారి నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఏదో లోటుగా ఉంది. ఏమిటో చాలాసేపు తెలియలేదు. కౌజు కూయలేదు. ఆ వేళకు కొండ మీద ఒకటి మొదలుపెడితే పది అందుకునేవి, నిద్రపోనిచ్చేవి కావు. ఆ పొద్దు కొండ మొత్తం మూగగా ఉంది.

అప్పుడు వచ్చింది మా వదిన. కాళ్లు మోకాళ్లదాకా మసి. నా ముందర కొంగు విప్పింది. కౌజు గుడ్లు ఆరు, కాలి, పగిలి, ఉప్పురాళ్ల మాదిరి. వాటితో కమిలిన రెక్క ఒకటి. తల్లి లేవకుండా కూర్చునే ఉందన్నమాట.

"ఈటికి వేళ్లు లేవు మర్దీ. లేకుంటే నువ్వు ముద్రలు ఏయించుకునే పొద్దు ఇవీ వచ్చుండు" అనింది.

వాటిని నా అరుగు మీద వరసగా పెట్టి, చేతులు దులుపుకుని లేచింది. ఏడుస్తుందనుకున్నాను. "కాయితం తీయి" అనింది.

* * *

కర్నూల్లో డేరాల కింద ప్రభుత్వం నడుస్తున్న రోజులవి. రాజధాని మన పక్కకే వచ్చింది గదా, పని చిటికెలో అవుతుందని, కొండ కాల్చనివ్వమని రాసిన అర్జీ నకలు ఒకటి అక్కడికీ పంపినాను. దానికి జవాబు వచ్చేలోపు రాజధానే హైదరాబాదుకు పోయింది. అది అలా ఉంచండి.

ఆఫీసుకు ఆమె నన్ను వెంటబెట్టుకుని పోయింది. బద్వేలు దాకా బస్సు, ఆ తర్వాత నడక. ఒక గుడ్డలో సంగటి ముద్దలు, ఊరుబిండి పచ్చడి. కొత్త అధికారి వచ్చినాడు. గోదావరి పక్క మనిషి, మాటకు రెండు 'అండి'లు. ఆయన పాత కాగితాల కట్ట విప్పి, నా మొదటి అర్జీ తీసి, రెండో అర్జీ పక్కన పెట్టినాడు.

"ఏమండీ, రెండూ ఒకటే చేతివ్రాత కదండీ? అప్పుడు వద్దన్నారు, ఇప్పుడు కావాలంటున్నారు. మీ ఊరికి ఒక మాట లేదాండీ?"

మా వదిన ముందుకు వచ్చింది.

"రాత ఒకటే సారూ. అప్పుడు రాసినోనికి కొట్టం కాలింది. ఇప్పుడు కొండ కాలింది. తప్పు రాసిన చెయ్యే దిద్దాల గదా, ఇంగోని చెయ్యి యాల?"

"అయితే అగ్గి పెడితే అడవి బాగుపడుతుందంటావామ్మా?"

"ఎప్పుడు పెడితే, ఎంత పెడితే, యాడ పెడితే అని అడుగు సారూ. మీ ఇంట్లో పొయ్యి లేదా? పొయ్యిలో ఉంటే అన్నం, కప్పుకెక్కితే కొంప."

ఆయన నవ్వలేదు. కానీ కుర్చీ చూపించినాడు. ఆమె కూర్చోలేదు. చాలాసేపు అడిగినాడు, ఏ నెలలో ఏ పిట్ట గుడ్లు పెడుతుంది, ఏ గడ్డి ఎన్నాళ్లకు ఎండుతుంది అని. చివరికి, ఒక్క గుట్ట మాత్రం ఇస్తాను, గార్డు ఎదురుగా కాల్చాలి, హద్దు దాటితే పూచీ ఎవరిదని అడిగినాడు.

"నాది" అని వేలిముద్ర వేసింది. రాసినవాడి పేరు ఆ కాగితం మీద ఎక్కడా లేదు. నేను దాన్ని గురించి అప్పుడు ఆలోచించలేదు.

పెద్ద మంట మానును కాల్చినా బోద వేరును కాల్చలేదు. ఒకే వానకు మళ్లీ మొలిచి, మాఘానికి ఎండి నిలబడింది. మాఘంలో మా వదిన ఆ గుట్టకు చుట్టూ మాత్రం కాల్చింది, నడుమ వదిలేసింది. గడియారం ముల్లు మాదిరి ఒక పక్క మొదలుపెట్టి, మంచు ఆరేలోపు చుట్టి వచ్చింది. గార్డు సాయిబు కూడా చొక్కా విప్పి మండ పట్టినాడు. "ఉద్యోగం పోతే మీ ఇంట్లోనే సంగటి తింటానమ్మా" అంటే, "నీకు ముద్ద కాదు సాయిబూ, ముద్దన్నర" అనింది.

ఆ వైశాఖంలో మళ్లీ అంటుకుంది. కాలకుండా మిగిలిన అవతలి వాలునుంచి దిగి, గుట్ట దగ్గరికి వచ్చి, కాల్చిన చుట్టు మీద తినడానికేమీ దొరక్క, రెండుగా చీలి, అక్కడికక్కడే ఆరింది. అధికారి విని స్వయంగా వచ్చినాడు. బూట్లతో గుట్ట ఎక్కినాడు. నడుమ మిగిలిన గడ్డిలో కాలు పెట్టినాడో లేదో, ఆయన కాళ్ల సందునుంచి కౌజుల గుంపు ఒకటి బుర్రుమని లేచింది. ఆయన వెల్లకిలా పడినాడు. "బాబోయ్!" అన్నాడు. మా వదిన చెయ్యి అందించి లేపుతూ, "అర్జీదార్లు సారూ" అనింది.

రాతపూర్వకంగా తాను ఇవ్వలేనని, నోటిమాటగా ఇస్తానని, ప్రతి ఏడూ అర్జీ పెట్టుకోవాలని చెప్పి పోయినాడు. ఆయన తర్వాత ముగ్గురు మారినారు. ప్రతి కొత్త అధికారి దగ్గరికీ ఆమె మళ్లీ మొదటినుంచి పోయేది, మళ్లీ అవే ప్రశ్నలు, మళ్లీ అవే జవాబులు. "విసుగు రాదా వదినా?" అంటే, "ఏటేటా గడ్డి మొలిచేకి విసుగుపడతాందా?" అనేది. గుట్ట రెండు గుట్టలయింది. పోయిన ఏటికి సగం వాలు అయింది.

అన్నీ తిరిగి వచ్చినాయని చెబితే అబద్ధం. కౌజులు వచ్చినాయి, పూరేళ్లు వచ్చినాయి, కాల్చిన నేల మీద తీతువులు అరుస్తున్నాయి, నెమళ్లు వచ్చి చెనిక్కాయ చేలల్లో పడి మా ప్రాణం తీస్తున్నాయి. చిలుకలు రాలేదు. పైడికంటి గూబ రాలేదు. వాటికి తొర్రలు కావాలి, తొర్రలున్న ముసలి మాన్లన్నీ ఆ మూడు దినాల్లో పోయినాయి. నేను ఆ మాట అంటే ఆమె ఒక నారేప చెట్టును తట్టి, "దీనికి ముసలితనం రావాల. వచ్చేదాకా మనం ఉండం. మనం ఉండమని దీన్ని కాలబెట్టుకుంటామా?" అనింది.

ఇంకొకటి. కలివి పొదల్లో, పొద్దుగూకే వేళ నేల మీద పరుగెత్తే పిట్ట ఒకటుండేదట. కలివికోడి అంటారు. ఆమె చిన్నప్పుడు పుట్టింటి దిక్కున చూసిందట. మా కొండ మీద నేనైతే ఎన్నడూ చూడలేదు, చూసినానన్నవాడు కూడా లేడు. అయినా కాల్చేటప్పుడు కలివి పొదలు వచ్చిన చోటల్లా చుట్టూ గీకించి వదిలేసేది. దాంతో పని రెట్టింపు.

"లేనిదానికి యాల వదినా వాటా?" అన్నాను ఒకసారి, నడుము నొప్పితో.

"లేదని నీకెవరు అర్జీ పెట్టినారు?" అనింది.

* * *

పదకొండోనాటి తతంగం కాకముందే నేను ఆఫీసుకు పోయినాను. ఊళ్లో కొందరు తప్పు పట్టినారు. ఆమె ఉంటే ఆలస్యమైనందుకు తప్పు పట్టి ఉండేది. ఆ రెండింట్లో నాకు భయం ఉన్నది రెండోదానికే.

ఇప్పుడున్న అధికారి చిన్న వయసువాడు. అర్జీ చదివి, తల ఎత్తకుండానే, "కింద వేలిముద్ర లేదే. పూచీ ఎవరు?" అన్నాడు. ఎన్ని అర్జీలు రాసినానో నాకే తెలియదు. ఒక్కదాని కింద కూడా నా పేరు లేదు. రాసేవాడికేం, రాసి పక్కకు నిలబడతాడు, గట్టున కూర్చున్నవాడికి తడి అంటదు. నా చేతులు నిప్పును ఎన్నడూ పట్టలేదు. ఆడవాళ్లు కాలుస్తుంటే నేను నీళ్ల కుండ పక్కన కూర్చుని మాటలు చెప్పినవాణ్ణి. గాలి తిరిగితే, ఒక తునక దాటితే, ఈ వయసులో కేసు నా మీద. కాల్చకపోతే రొమ్మెత్తు గడ్డి, ముందర వైశాఖం.

"నేను" అని కలం అడిగి సంతకం చేసినాను. కలం బాగా లేదు, సిరా కారింది. అధికారి ఆ మరకతోనే కాగితాన్ని కట్టలో పెట్టి, కాల్చుకోండన్నాడు.

మాఘం రెండో వారంలో ఎక్కినాం. పదిమంది ఆడవాళ్లు, గార్డు సాయిబు, నేను. "ఏం తాతా, పుస్తకం తెచ్చుకున్నావా? నీడన కూచోని చదూకో, ఆరినాక పిలుస్తాం" అని ఒకామె. "ఆయప్ప చదివితే అగ్గికి నిద్రొస్తాది, చదవనీ" అని ఇంకొకామె. మా వదిన కోడలు నా చేతికి తంగేడు మండ ఇచ్చింది. వరసలో నిలబడి గడ్డి తడుతూ నడిచినాను. "లేయండి" అని అరవడానికి మొదట సిగ్గేసింది. ఇరవై అడుగులు పోయినాక సిగ్గు పోయింది, గొంతు కూడా పోయింది. కలివి పొదల చుట్టూ నేనే గీకినాను, మట్టి కనపడేదాకా. అగ్గి ఎదురుగాలికి మెల్లగా నడిచింది. ఒకచోట దాటబోయింది. నలుగురం పడి కొట్టినాం. నా పంచె అంచు కాలింది. దాటలేదు.

మర్నాడు పొద్దున, ఎక్కడైనా నిప్పు మిగిలిందేమో చూడాలని ఒక్కణ్ణే పోయినాను. పూచీ నాది గదా. నేల ఇంకా గోరువెచ్చగా ఉంది. గాలి లేదు. కాలిన తునక మీద బూడిద జల్లెడ పట్టినట్టు సన్నగా, తెల్లగా పరుచుకుని ఉంది. ఆ బూడిద మీద, నేను గీకి వదిలిన కలివి పొదల వైపు నుంచి మొదలై, మూడు వేళ్ల చిన్న చిన్న అడుగులు ఒక వరస. పక్కనే అంతకన్నా చిన్నవి ఇంకొన్ని, వాటి వెంట ఇంకొన్ని, తడబడుతూ, ఒకచోట ఆగి, అక్కడ దేన్నో గీకి, మళ్లీ బయలుదేరి, నేరుగా కాలని తునకలోకి పోయినాయి. గడ్డి మొదట్లో ఆగిపోయినాయి. లోపల ఏదో కదిలింది. నేను అటు దాటాలంటే ఆ అడుగుల మీదుగానే దాటాలి. దాటలేదు. వెనక్కి తిరిగి, కాలిన నేల అంచు వెంబడి, పెద్ద చుట్టు తిరిగి కొండ దిగినాను.